బామ్మర్ది మిషన్లు

ఒమాన్‌లో నేను ఓర్వలేకపోయిన మనుషులు చాలామందే ఉన్నారు. ఏసీ బండి దిగకుండానే సైట్ చూసిపోయే ఇంజనీర్లు, శుక్రవారం సాయంత్రం భార్యాపిల్లలతో సముద్రం ఒడ్డున ఐస్‌క్రీం తినే అకౌంటెంటు, రెండేళ్ళకోసారి కాకుండా ఏటా ఇంటికి పోయొచ్చే స్టోర్‌కీపరు. వాళ్ళ మీద నా ఏడుపు పైపైది. ఒక నిద్ర తీస్తే పోయేది. నిద్ర తీసినా పోనిది ఒక్కటే ఉండేది. అది నా భార్య తమ్ముడి మీద.

వాణ్ణి అక్కడికి తెచ్చింది నేనే కావడం అసలు మంట. డిప్లొమా చదివి కరీంనగర్‌లో ఖాళీగా తిరుగుతున్నాడని మా ఆవిడ ఉత్తరానికి బదులు పంపే క్యాసెట్‌లో చెప్పి ఏడిస్తే, నేను ముదీర్ వెంటపడి వీసా ఇప్పించాను. ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్‌ది సూడాన్ దేశం. ఆయనే చీఫ్ సర్వేయరు కూడా. నెమ్మదైన మనిషి, అయితే ఒకసారి "ఖలాస్" అన్నాడంటే ఆ విషయం ఇక అయిపోయినట్టే. విమానాశ్రయం నుంచి బామ్మర్దిని మబేలాలోని మా రూముకు తెచ్చుకుని, నా మంచం పక్కనే మంచం వేయించి, మొదటి నెల నా చెప్పులే తొడిగించి సైటుకు తీసుకుపోయాను. ఏకు మేకవుతుందని ఎవరికి తెలుసు.

నాది ఐటీఐ చదువు. ఊళ్ళో కాలువల పనిలో సర్వే చేసి, ఎనభైల చివర్లో ఒమాన్ చేరాను. మా కంపెనీకి సముద్రం వెంబడి షినాస్ దాకా రోడ్ల సర్వే పని ఉండేది. ముందుగా సిమెంటు పిల్లర్లు పాతేవాళ్ళం. ఒక్కో పిల్లరు తల మీద ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మధ్యలో చుక్క. ఆ చుక్క నుంచి ఇంకో చుక్కకు కోణం థియోడలైట్‌తో, దూరం కాంతితో కొలిచే పరికరంతో తీసుకునేవాళ్ళం. తర్వాత రోడ్డు గానీ, కల్వర్టు గానీ, ఎవరి తోట సరిహద్దు గానీ ఆ చుక్కల నుంచే లెక్క. షినాస్ వైపు పిల్లర్లన్నీ నా చేతి మీదుగా పాతినవే. ఒక చుక్క నుంచి ఇంకో చుక్క కనిపించాలి కాబట్టి కొండలెక్కాం, ఖర్జూరపు మట్టలు కొట్టించాం, కొట్టినందుకు తోటల యజమానులతో మాటలు పడ్డాం.

అక్కడి ఎండలో మాకొక ఆచారం ఉండేది. మనిషి ఎండలో నిలబడొచ్చు గానీ పరికరం నిలబడకూడదు. ఎండ ఒక పక్క నుంచి కొడితే పరికరంలో నీటిబుడగ జరుగుతుంది, బుడగ జరిగితే కోణం తప్పుతుంది. అందుకని ప్రతి సర్వే పార్టీలో ఒక మనిషికి పెద్ద గొడుగు పట్టడమే డ్యూటీ. మామూలు గుడ్డ గొడుగు ఆ ఎండకు ఏ మూలకూ చాలలేదు. నేను హోటల్లో కోడిమాంసం చుట్టిచ్చే వెండి కాగితం చుట్టలు కొని గొడుగు లోపలంతా జిగురుతో అంటించాను. కింద నీడ చల్లబడింది, బుడగ కుదురుకుంది. చూసి రెండో పార్టీ వాళ్ళూ అంటించుకున్నారు. మా దగ్గర గొడుగు పట్టే ఆయనది నిజామాబాద్ వైపు, వయసులో నాకంటే పెద్ద. నమాజుకు పోయేటప్పుడు కూడా ఆ గొడుగు ఇంకొకరి చేతికిచ్చి పోయేవాడు కానీ కింద పెట్టేవాడు కాదు.

బామ్మర్దికి నేను చెప్పిన మొదటి పాఠం అదే.

"నీ నెత్తి మాడినా మంచిదే రా. మిషన్ నెత్తి మాడొద్దు. యాదుంచుకో."

"సరే బావా," అన్నాడు. వాడికి ఏది చెప్పినా బుర్రకెక్కేది. అప్పట్లో అది నాకు సంతోషమే.

తొంభైల మొదట్లో ముదీర్ ఒక మాట బయటపెట్టాడు. రెండు సర్వే పార్టీలను కలిపి ఒకటే చేస్తారట. దానికి ఒకడే పార్టీ చీఫ్. చీఫ్‌కు ఫ్యామిలీ స్టేటస్ ఇస్తారట, అంటే భార్యను తెచ్చుకోవచ్చు, అల్ హైల్‌లో కంపెనీయే ఇల్లు చూపిస్తుంది. నేను ఆ రోజే క్యాసెట్ రికార్డు చేసి ఊరికి పోతున్నవాడి చేతికిచ్చాను. సీనియర్‌ని నేనే కాబట్టి అది నాకే వస్తుందని, పాస్‌పోర్టు తీయించుకొమ్మని చెప్పాను. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మేం కలిసి ఉన్నది సెలవు నెలల్లోనే. ఆమె తిరుగు క్యాసెట్ పంపింది. "పాస్‌పోర్టుకు ఫోటో దిగొచ్చిన. చెవులు కనపడాలన్నరు. కొంగు తీసి దిగిన, మీ అమ్మకు చెప్పకు," అంది. ఆ క్యాసెట్ రూములో అందరూ డ్యూటీకి పోయాక వేసుకుని వినేవాణ్ణి.

ఆ సమయంలోనే మూడు పెట్టెలు వచ్చాయి.

అవి ఉపగ్రహాల నుంచి సంకేతం పట్టి తామెక్కడున్నాయో చెప్పే రిసీవర్లు. అమ్మేవాళ్ళు పరీక్షకని ఇచ్చారు. నచ్చితే కంపెనీ కొంటుంది. వాటి పని నేర్చుకోవడానికి ఎవర్నైనా దుబాయ్ పంపాలి. ముదీర్ నన్నూ బామ్మర్దినీ పిలిచి, కంప్యూటర్ ఎవరికి వచ్చని అడిగాడు. నేను గోడ వైపు చూశాను. బామ్మర్ది చెయ్యెత్తలేదు, కేవలం తల దించుకున్నాడు. ఆ అణకువ చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. చెయ్యెత్తి ఉంటే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

దుబాయ్ నుంచి వాడు టోపీతో వచ్చాడు. రిసీవర్ కంపెనీ బొమ్మ ఉన్న టోపీ. నాకూ ఒకటి తెచ్చాడు. నేను దాన్ని కిటికీ సందులో ఈగలు రాకుండా కుక్కాను. వాడు నా బల్ల మీద, నా దీపం కింద లావాటి పుస్తకం చదువుతుంటే, రూములో కార్డులాడేవాళ్ళు ఆట ఆపి చుట్టూ చేరేవాళ్ళు. నేను సర్వే గురించి ఎన్నేళ్ళు చెప్పినా ఒక్కడూ ఆట ఆపలేదు.

"దీనికి ఒక పిల్లర్ నుంచి ఇంకో పిల్లర్ కనవడే పనిలేదు బావా. ఆకాశం కనవడితే సాలు," అన్నాడు. "గుట్టలెక్కుడు, మట్టలు నరుకుడు ఏం లేదిగ."

వాడు శుభవార్తలాగే చెప్పాడు. నాకు మాత్రం నేనెక్కిన గుట్టలన్నిటి మీదా మన్ను పోసినట్టుంది. అన్నం పళ్ళెం తీసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. వాడు వెనకాలే వచ్చి ఊరగాయ సీసా పక్కన పెట్టిపోయాడు. అంత మంచిగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చిందని దాని మీద కూడా కోపమొచ్చింది.

మొదటిసారి షినాస్ ఒడ్డున ఒక మిషన్ పెట్టి చూసినప్పుడు నాకు కొంచెం ఊరట దొరికింది. ఎత్తు ఎంతని చూస్తే, సముద్రమట్టం కంటే ముప్పై మీటర్ల పైచిలుకు కింద ఉన్నామని చూపించింది. పక్కనే చేపల వాళ్ళు వలలు ఆరేసుకుంటున్నారు.

"మునిగిపోయినం రా బామ్మర్దీ. ఈత వస్తదా నీకు," అన్నాను. బండి డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. ముదీర్ మాత్రం నవ్వలేదు. ఈ మిషన్‌కు సున్నా సముద్రం దగ్గర మొదలుకాదని, భూమి మొత్తానికి లెక్కగట్టిన ఒక నునుపైన ఆకారం దగ్గర మొదలవుతుందని, ఇక్కడ ఆ ఆకారం సముద్రం కంటే పైన ఉంటుందని ఓపికగా చెప్పాడు. ఎత్తులు వేరే సంగతి, ముందు దూరాలు చూద్దామన్నాడు.

పరీక్ష పద్ధతి ఆయనే పెట్టాడు. షినాస్ దగ్గర నేను పాతిన మూడు పిల్లర్లు త్రిభుజంగా ఉన్నాయి. ఒకటి సముద్రం వైపు, ఒకటి రోడ్డు పక్క వాగు గట్టున, ఒకటి లోపలికి రాళ్ళగుట్ట మీద. మూడింటి మీదా ఒకేసారి మూడు రిసీవర్లు గంటకు పైగా నిలబెట్టాలి. తర్వాత కంప్యూటర్ ఆ మూడు భుజాల దూరాలు లెక్కగడుతుంది. నేను కొలిచిన దూరాలతో బొటనవేలి వెడల్పు లోపల కలిస్తే మిషన్లు కొంటారు, వాటిని నడిపేవాడే చీఫ్. కలవకపోతే పెట్టెలు వాపసు, పాత పద్ధతే ఉంటుంది, సీనియరే చీఫ్. అంటే నేను.

ఇందులో మెలిక నాకు ఆ రాత్రే తట్టింది. మిషన్‌ను తూచే తూకపురాయి నా కొలత. నేను ఎంత బాగా కొలిచి ఉంటే బామ్మర్ది మిషన్ అంత బాగా నెగ్గుతుంది. నాకు ఆ పదవి రావాలంటే నా పిల్లర్లు తప్పై ఉండాలి. అవి తప్పని నేను ఎట్లా కోరుకుంటాను? మిషన్ తప్పాలని మాత్రం కోరుకున్నాను. ఊళ్ళో దేవుడికి కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాను, ఉపగ్రహాలు ఆయన పరిధిలోకి వస్తాయో రావో తెలియకపోయినా.

పరీక్ష రోజు బామ్మర్ది సముద్రం వైపు పిల్లరు తీసుకున్నాడు. వాగు గట్టున గొడుగాయనను నిలబెట్టాడు. రాళ్ళగుట్ట నాకు. ముగ్గురికీ తలా ఒక గొడుగు. మిషన్ నా చేతికిస్తూ జాగ్రత్తలు చెప్పాడు.

"ఆన్ చేసి ఇడిసిపెట్టు బావా. ఏం ముట్టకు."

నాకు సర్వే పనిలో ముట్టవద్దని చెప్పిన మొదటి మనిషి వాడే. నేను బండెక్కాను. బండి కదులుతుంటే మళ్ళీ కేకేశాడు. "గొడుగు పట్టుడు మరువకు."

గుట్ట మీద చుక్కకు సరిగ్గా పైన మిషన్ తలను కూర్చోబెట్టాను. అది మాత్రం పూర్తి మనసుతోనే చేశాను, పిల్లరు నాది కాబట్టి. ఆన్ చేశాను. తర్వాత గొడుగు తెరిచాను. మిషన్‌ను చూశాను. బూడిదరంగులో, పళ్ళెమంత తలతో, మెడ నిక్కించుకుని ఉంది. మాడనీ అనుకున్నాను. గొడుగు నా నెత్తి మీద పట్టుకుని దూరంగా ఒక రాయి మీద, దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎన్నేళ్ళకో ఆ గొడుగు నీడ నాకు దక్కింది.

మధ్యాహ్నం మా క్యాంపు క్యాబిన్‌లో లెక్కలు తీశారు. ఒక భుజం జానెడు తేడా వచ్చింది, ఇంకొకటి మూరెడు. మూడోదానికి కంప్యూటర్ లెక్కే తేల్చలేదు. మర్నాడు మళ్ళీ అందరం అవే మిషన్లతో అవే పిల్లర్ల మీద నిలబడ్డాం. మళ్ళీ అంతే. బామ్మర్ది మొహం వాడిపోయింది. వాడు టీ కూడా ముట్టలేదు. నేను వాడి టీ కూడా తాగాను. ఆ రెండు రోజులు నాకు ఆకలి వేసినట్టు ఒమాన్‌లో ఎప్పుడూ వేయలేదు. రోటీలు లెక్క చూసుకోకుండా తిన్నాను. అల్ హైల్‌లో ఇల్లెక్కడ ఇస్తారో, మసీదు వైపు సందులో అయితే కూరగాయల కొట్టు దగ్గరవుతుందని, మా ఆవిడకు కొట్టువాడితో మాట్లాడేందుకు నాలుగు హిందీ ముక్కలు నేర్పాలని ఆలోచిస్తూ పడుకున్నాను.

మూడో రోజు పొద్దున ముదీర్ పెట్టెలు సర్దమన్నాడు. ఖలాస్ అనలేదు గానీ అనబోతున్నాడని మొహమే చెబుతోంది. అప్పుడు బామ్మర్ది కాగితాలు పట్టుకుని అడ్డుపడ్డాడు.

"సార్, ఒక్కటి సూడుండ్రి," అని నాకర్థమయ్యేలా తెలుగులోనూ, ఆయనకు ఇంగ్లీషులోనూ చెప్పాడు. మూడు మిషన్లలో రెండు మాటిమాటికీ ఉపగ్రహాల సంకేతాన్ని వదిలేశాయట. మూడోది మాత్రం రెండు రోజులూ ఒక్కసారి కూడా వదల్లేదట. ఆ మూడోది గుట్ట మీద పెట్టింది. "ఈ మిషన్ బంగారం బావా," అని నా పక్కన ఉన్న పెట్టెను తట్టాడు. "ఆ రెండు ఖరాబున్నయి. అవి మార్పిస్తే అయిపోతది."

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ముదీర్‌కు అమ్మేవాళ్ళతో మళ్ళీ మాటలు పెట్టుకునే ఓపిక లేదు, పెట్టెలు ఆ సాయంత్రమే పోయేవి. కానీ నేను రెండు రోజులు నిలబెట్టినదాన్ని వాడు మిషన్ గొప్పతనం కింద రాసేస్తున్నాడు. ఆ పిల్లరు నాది, ఆ చుక్క మీద మిషన్‌ను కూర్చోబెట్టిన చెయ్యి నాది. అది బంగారమట. దానికి తోడు ఆ క్షణాన్నే నాకు సంగతంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. బామ్మర్దిని ముదీర్ ఎదుట ఒక మాటతో పడగొట్టే అవకాశం, దుబాయ్ టోపీతో సహా, నా నాలుక చివర కూర్చుంది. అది మింగడం నా వల్ల కాలేదు.

"మిషన్ బంగారం కాదు రా," అన్నాను. "ఆకాశం కనవడితే సాలన్నది ఎవరు? నువ్వే గద. మరి దాని మీద వెండి కాయిదపు గొడుగు కప్పిందెవరు? నువ్వే గద. నేను కప్పలే. అందుకే నాది మంచిగొచ్చింది."

గొడుగాయన గొడుగును వెనక్కి దాచుకున్నాడు. బామ్మర్ది నా వైపు చూశాడు, తర్వాత గొడుగు వైపు, మళ్ళీ నా వైపు. వాడి మొహంలోకి సిగ్గు రావాలని చూశాను. సిగ్గు రాలేదు. తెల్లారినట్టు వెలుగొచ్చింది. అప్పుడు నాకు నేనేం చేశానో అర్థమైంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే విన్నాను గానీ, నరికేటప్పుడు అంత తియ్యగా ఉంటుందని తెలియదు.

బామ్మర్ది నా మాట ఇంగ్లీషులో చెప్పగానే ముదీర్ గొడుగు అడిగి తీసుకుని, క్యాబిన్‌లోనే తెరిచి, లోపలి వెండి కాగితాన్ని వేళ్ళతో రుద్దాడు. ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే. ఉపగ్రహం మాట రేకు దాటి రాదని చెప్పాడు. గొడుగు పట్టినవాడి చెయ్యి నొప్పెట్టి పక్కకు వాల్చినప్పుడల్లా మిషన్‌కు కొంచెం ఆకాశం కనిపించి, మళ్ళీ పోయి ఉంటుందన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నువ్వెందుకు పట్టలేదు?"

మిషన్ మాడిపోవాలని పట్టలేదని ఏ భాషలో చెప్పను? భుజం నొప్పన్నాను.

మర్నాడు గొడుగులు లేకుండా మళ్ళీ పెట్టాం. గొడుగాయన మూసిన గొడుగు పట్టుకుని మిషన్‌కు దూరంగా నిలబడి, పొద్దు పైకొచ్చేకొద్దీ అవస్థ పడ్డాడట. ఎండలో పసిపిల్లను వదిలేసి పక్కన నిలబడ్డట్టుందని నాతో అన్నాడు. మధ్యాహ్నం మూడు భుజాలూ నా దూరాలతో కలిశాయి. తేడా చిటికెన వేలి గోరంత. ముదీర్ ఆ కాగితం పైకెత్తి చూసి బామ్మర్దిని కౌగిలించుకున్నాడు. తర్వాత నా భుజం తట్టి, నువ్వు నిజాయితీపరుడివి, చెప్పకుండా ఉంటే మంచి మిషన్లను వెనక్కి పంపేవాళ్ళమన్నాడు. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. నా పిల్లర్లు గోరంత తేడాతో సరిపోయాయని మాత్రం ఎవరూ అనలేదు. పరీక్ష పెట్టింది మిషన్‌కు కదా.

వాణ్ణి చీఫ్‌ను చేస్తూ ఉత్తర్వు పది రోజుల్లోపే వచ్చింది. బామ్మర్ది అది మడతపెట్టి జేబులో పెట్టుకుని, నేను గడ్డం గీసుకుంటుంటే అద్దం పక్కన నిలబడ్డాడు.

"బావా, ఇది నీకు రావాల్సింది. నాకెరుకే."

"వచ్చింది గద. దాసుకో," అన్నాను. గడ్డం తెగింది.

కిందటి సెలవులో వాడికి పెళ్ళయింది, అప్పటికి ఏడాది కూడా కాలేదు. భార్యకు వీసా పెట్టాడు. నేను ఇంటికి చెప్పలేదు. ఏం చెప్పాలో రోజూ తయారుచేసుకునేవాణ్ణి. ఇంకో కంపెనీలో చూస్తున్నానని ఒక రోజు, వచ్చే ఏడాది ఇంకో పదవి పడుతుందని ఒక రోజు. చివరికి ఒక శుక్రవారం, ఆమె కరీంనగర్‌లో తెలిసినవాళ్ళ ఇంటికి ఫోనుకు వస్తానని కబురు పంపితే, కార్డు కొనుక్కుని రోడ్డు మీది ఫోను దగ్గరకు పోయాను.

ఏమీ కల్లలు చెప్పే పని పడలేదు. "తమ్ముడు అంత చెప్పిండు," అంది. "గొడుగు సంగతి నువ్వే చెప్పినవంట గద. బావ లేకుంటే నాకు ఈ నౌకరి లేదన్నడు."

"ఊ," అన్నాను. తమ్ముడికి మేలు చేశానని మెచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఫోను పెట్టెలో కార్డు డబ్బుల అంకెలు తగ్గిపోతున్నాయి.

"నిన్న మరదలు వచ్చింది," అంది. "సూట్‌కేసు కొన్నదట, నాకు సూపియ్యనీకి ఆటోల ఏసుకొని వచ్చింది. ఎర్రది. కింద చక్రాలున్నయి. ఇంట్ల అటు నూకి, ఇటు నూకి సూపిచ్చింది. మంచిగున్నదని ఒక్క మాట అనబుద్ధి కాలే నాకు. సాయ కూడ పెట్టలే. అది పోయినంక కడుపుల మండింది సూడు, గంట సేపు పొయ్యి కాడనే కూసున్న. సొంత తమ్ముని పెండ్లాం. నాకెందుకు మండాలె? నువ్వే చెప్పు."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఎన్నో నెలలుగా ఎవరితోనూ అనని మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"నాకూ మండుతున్నది," అన్నాను.

"నిజంగనే? ఎప్పటిసంది?"

"వాడు దుబాయ్ పోయినప్పటిసంది."

"మరి నాకు చెప్పకపోతివి," అంది. గొంతులో నిష్ఠూరం కాదు, ఊరట.

ఆమె ఒమాన్ చూడనేలేదు. నాకు చీఫ్ పదవి ఏ కంపెనీలోనూ రాలేదు, నేను తిరిగొచ్చేసేనాటికి ఆమె పాస్‌పోర్టు గడువు కూడా తీరిపోయింది. ఆ శుక్రవారం మాత్రం కార్డు అయిపోయేదాకా ఇద్దరం కలిసి వాణ్ణీ, వాడి పెళ్ళాన్నీ, ఆ చక్రాల సూట్‌కేసునూ తిట్టుకున్నాం. ఆమె ఒకటంటే నేనొకటన్నాను. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు మొగుడూ పెళ్ళాల్లా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.